అందరూ కూర్చోమనే ఊరు

నవంబరు 17, ఆదివారం

డాక్టరు కుర్రవాడు. గోడ మీది పట్టాకు ఇంకా కొత్తదనం పోలేదు. అందులో ఒక అక్షరం తప్పు పడింది. చెప్పలేదు. మన కాలు ఒకరి చేతిలో ఉండగా వాళ్ళ పట్టాలో తప్పులెంచడం తెలివైన పని కాదు.

పిక్క మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. వేలు తీశాక కూడా పులిసిన పిండిలో పడ్డట్టు అలాగే ఉండిపోయింది. ఎండాకాలంలో ఈ కాల్లోనే రక్తం చిన్న గడ్డ కట్టింది, మందులతో కరిగింది. ఇప్పుడు మళ్ళీ కట్టడానికి సిద్ధంగా ఉందట.

“పగలంతా ఏం చేస్తారు?” అన్నాడు.

“కూర్చుంటాను. స్కూలు గైడ్లకు ప్రూఫులు దిద్దుతాను. మీరు చదివినవాటిలో కొన్ని నేను దిద్దినవే అయ్యుంటాయి.”

“మధ్యలో లేవరా?”

“దేనికి?”

కాగితం మీద ఏదో గీస్తూ చెప్పాడు: అరగంటకోసారి లేవాలి, నడవాలి, మెట్లు ఎక్కి దిగాలి. పగలంతా బల్ల ముందు కూర్చుని సాయంత్రం సముద్రం ఒడ్డున గంట నడిస్తే లెక్కలోకి రాదు. అది కుదరకపోతే పని మానేయాలి. ఈసారి గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి పోతే తాను చేయగలిగేది ఏమీ ఉండదు.

పని మానేయమనడానికి మా యజమాని ఉస్తాజ్ నదీమ్ ఎండాకాలం నుంచి ఒంటికాలి మీద ఉన్నాడు. “మాడమ్ సఫీనాజ్, మీరు అలసిపోయారు, మీకు ఘనంగా వీడ్కోలు చేస్తాం” అంటాడు. ఘనంగా అంటే పేరు చెక్కిన ఇత్తడి పళ్ళెం. కాలి సంగతి తెలిస్తే ఆ పళ్ళెం రేపే చేతికొస్తుంది. ఆ తర్వాత ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. అదీ గొణుగుడే.

కాబట్టి కాళ్ళు కదలాలి. ఎందుకు కదులుతున్నాయో ఎవరికీ తెలియకూడదు.

నవంబరు 18, సోమవారం

టీ తాగగానే లేచి నిలబడ్డాను. అంతే. నేరమేమీ చేయలేదు.

పేజీలు పేర్చే కొత్త అమ్మాయి జుమానా పరుగున కుర్చీ తెచ్చింది.

“కూర్చోండి, హాజ్జా.”

“నేను హజ్‌కి వెళ్ళలేదమ్మా.”

“దేవుడు రాసిపెడితే వెళ్తారు హాజ్జా. కూర్చోండి.”

నా కుర్చీ నా వెనకే ఉంది. ఇప్పుడు ముందూ ఒకటి వచ్చింది. పక్కగదిలో లెక్కలు చూసే ఉస్తాజ్ మహ్రూస్ తలుపు సందులోంచి నన్ను చూసి, తన కుర్చీలోంచి లేచి, దాన్ని చేత్తో తుడిచి చూపించాడు. నేను వరండాలోకి నడిచి క్యాలెండర్ చూస్తున్నట్టు నిలబడితే కాపలాదారు కింద నుంచి స్టూలు మోసుకొచ్చాడు.

ట్రాములో ఇద్దరు లేచారు. మందుల షాపతను కౌంటరు వెనక నుంచి ప్లాస్టిక్ కుర్చీ తీశాడు. అలెగ్జాండ్రియాలో అరవై దాటిన ఆడది నిలబడితే చూసేవాళ్ళకు పాపం చుట్టుకుంటుంది. మమ్మల్ని చచ్చేదాకా కూర్చోబెడతారు, ఆ తర్వాత పడుకోబెడతారు. నిలబడడానికి మధ్యలో సందు లేదు.

నవంబరు 19, మంగళవారం

లేచాను. కుర్చీ వచ్చింది. కూర్చున్నాను.

నవంబరు 21, గురువారం

చీపురు తుఫాను రాక. ఏటా ఈ రోజుల్లోనే వచ్చి వీధులు ఊడ్చిపోతుంది. కిటికీలన్నీ ఉప్పు.

మరుగుదొడ్డి వరండా చివర ఉంది కదా, అక్కడిదాకా నడిస్తే ఎవరడుగుతారనుకున్నాను. నిన్నంతా, ఇవాళ మధ్యాహ్నం దాకా అదే పని చేశాను. లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని, గోడనున్న పలకలు చూసి వచ్చేదాన్ని.

మధ్యాహ్నం నా బల్ల మీద మూత పెట్టిన గ్లాసు ఉంది. బార్లీ నీళ్ళు.

“తాగండి హాజ్జా, మంట తగ్గుతుంది” అంది జుమానా, గుసగుసే అనుకుని గదంతా వినబడేలా.

“నాకు మంట లేదు.”

“మా అమ్మమ్మా అలాగే అనేది.”

సాయంత్రానికి మహ్రూస్ వచ్చి తన మేనత్తకు మూత్రపిండంలో రాయి పడిన కథ మొదటి నొప్పి నుంచి చివరి బిల్లుదాకా చెప్పాడు. మర్యాదస్తులకు మూత్రం గురించి ఇంత తెలుసని నేను అనుకోలేదు. ఇక ఆ దారి మూసుకుపోయింది.

నవంబరు 25, సోమవారం

దారి దొరికింది.

వంటగది మాకు సగం అంతస్తు కింద, ఒక మలుపు మెట్లు దిగితే వస్తుంది. అది ఉమ్ నిస్మా రాజ్యం. టీ ఆమే కాస్తుంది, ఆమే తెచ్చి బల్ల మీద పెడుతుంది, మొదటి గుక్క తాగేదాకా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. ఈ ఆఫీసులో ఎవరూ కదలకపోవడానికి సగం కారణం ఆ ట్రేనే.

ఇవాళ ఆమె పుదీనాకు బజారుకు వెళ్ళిన వేళ కనిపెట్టి దిగాను. నా టీ నేనే పెట్టుకుని, నిలబడే తాగి, గ్లాసు కడిగి, ఎక్కి వచ్చాను. మెట్ల మీద కుర్చీ వేయడం ఇంకా ఎవరికీ తట్టలేదు. దొంగతనం చేసినంత హాయిగా ఉంది. పిక్కలో రక్తం కదిలినట్టే అనిపించింది.

నవంబరు 28, గురువారం

రోజూ దిగుతున్నాను. ఆమె ఉన్నా దిగుతున్నాను. “నేను పెట్టుకుంటాలే” అంటే ఆమె పక్కకు తప్పుకుంది. అర్థం చేసుకునే మనిషి.

రతీబా బల్ల మీద ఇవాళ కొత్త ప్రింటరు పెట్టారు. కిటికీ పక్క బల్ల. మంచి వెలుతురున్న చోటు, ప్రింటరుకు వెలుతురెందుకో. నాకేం. బల్లే కదా. మార్చి నుంచి ఖాళీగానే ఉంది. ఇంకో ప్రూఫ్‌రీడర్‌ను పెట్టుకోరు, నేనొక్కదాన్ని చాలునట.

ఆమె గురించి రాయడానికేమీ లేదు. కలిసి పనిచేశాం, ఆమె పోయింది.

డిసెంబరు 2, సోమవారం

అర్థం చేసుకునే మనిషి కాదు.

పొద్దున అందరికీ టీ వచ్చింది, నాకు రాలేదు. మెట్లు దిగాను. పొయ్యి మీద కెటిల్ లేదు. చక్కెర డబ్బా లేదు. ఉమ్ నిస్మా తలుపుకు అడ్డంగా నిలబడి వెల్లుల్లి ఒలుస్తోంది.

“కెటిల్ ఏది?”

“ఎవరి కెటిల్ అబ్లా?” కోపంలోనూ అక్కా అనే పిలుపు మానలేదు.

“రోజూ ఉండేది.”

“అది నా చేతి కెటిల్. మీకు నా చెయ్యి గిట్టదుగా. పురుగులు కనబడ్డాయా, మసి కనబడిందా, ఏది కనబడిందో చెప్పి ఉంటే కడుక్కునేదాన్ని.”

“నాకేమీ కనబడలేదు. కాస్త నడుద్దామని దిగుతున్నాను.”

“నడవడానికి సముద్రం ఒడ్డు చాల్లేదా. పదహారేళ్ళు నా టీ తాగి, ఇప్పుడు నా కళ్ళ ముందే గ్లాసు కడుక్కుని తాగుతుంటే కింది కాపలావాడు అడుగుతున్నాడు, ఏం ఉమ్ నిస్మా, అందులో ఏం కలిపావని.”

నిజం చెబితే సరిపోయేది. ఆమె నోట్లో మాట ఆగదు. సాయంత్రానికి ఉస్తాజ్ నదీమ్ పళ్ళేనికి కొలతలిచ్చేవాడు. నోరు మూసుకుని ఎక్కి వచ్చాను.

డిసెంబరు 3, మంగళవారం

ఆఫీసు రెండు పక్షాలైంది. చిన్నవాళ్ళు ఆమెవైపు, ఎందుకంటే టీ ఆమె దగ్గర ఉంది. నా వైపు మహ్రూస్ ఒక్కడు. అతనికి షుగరు, టీ తాగడు.

డిసెంబరు 6, శుక్రవారం

ఇహాబ్ ఇంట్లో భోజనం. నా కొడుకు మంచివాడు, కోడలు దాలియా ఇంకా మంచిది. ద్రాక్షాకుల చుట్టలు అచ్చం నా చేతివిలాగే చేసింది. అంతకన్నా బాగున్నాయి, అది చెప్పలేదు. పళ్ళేలు తీయబోతే చేతిలోంచి లాక్కుంది. “కూర్చోండి తాంత్, మీరు కూర్చుంటేనే నాకు ముద్ద దిగుతుంది.” వీపుకొక దిండు, మోకాళ్ళకొక దిండు. మనవరాలు తాలీన్ ఒళ్ళోకెక్కి, “టేటా, నువ్వు సోఫా కన్నా మెత్తగా ఉన్నావు” అంది. అందరూ నవ్వారు.

“పని మానేసి ఇక్కడికొచ్చెయ్ అమ్మా. కిటికీ పక్క గది నీదే. కాలు కింద పెట్టనివ్వం” అన్నాడు ఇహాబ్.

ప్రేమతోనే అన్నాడు. ఆ కిటికీలోంచి ఎదుటి మేడ గోడ కనబడుతుంది. ఇద్దరూ పనికి పోతారు, పిల్ల స్కూలుకు పోతుంది, నన్ను దిండ్ల మధ్య నాటి పోతారు. నీళ్ళు పోయడం మరిచిపోరు.

ఇంటికొచ్చి దీపాలన్నీ వేశాను. ఎవరూ కూర్చోమనలేదు.

డిసెంబరు 9, సోమవారం

సంధి జరిగింది. నా ప్రాణానికి వచ్చింది.

మహ్రూస్ వారం నుంచి అటూ ఇటూ రాయబారాలు నడిపాడు. ఒకే అన్నం గిన్నె చుట్టూ బతికేవాళ్ళు మూడు రోజులకు మించి మాట్లాడుకోకుండా ఉండడం పాపమని ఆమెకు చెప్పాడు; పెద్దవారు, మీరే తగ్గాలని నాకు చెప్పాడు. బస్బూసా స్వీటు తెప్పించాడు. ఉస్తాజ్ నదీమ్ గదిలో అందరినీ పోగేసి మా ఇద్దరినీ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టాడు.

“తగువు ఎందుకొచ్చిందో తవ్వకూడదు. సంధికి అది మొదటి షరతు” అన్నాడు మహ్రూస్.

మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తవ్వితే దొరికేది నా కాలే. లేచి ఆమె తల మీద ముద్దు పెట్టాను. ఆమె ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ఇంత గాయపడిందని నేను అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని, చెయ్యి పైకెత్తి, అందరి ముందూ అంది:

“దేవుడి మీద ఒట్టు. నేను బతికుండగా మా అబ్లా ఒక్క గ్లాసు టీ కోసం ఆ కుర్చీలోంచి లేవదు. లేవనివ్వను.”

అందరూ చప్పట్లు కొట్టారు. జుమానా కళ్ళొత్తుకుంది. ఉస్తాజ్ నదీమ్ నాకు రెండో ముక్క పెట్టాడు.

డిసెంబరు 10, మంగళవారం

టీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ.

డిసెంబరు 12, గురువారం

ఒట్టుకు ఆఫీసంతా కాపలా. పెన్సిలు కింద పడితే ముగ్గురు వంగుతారు. ప్రూఫులు నేను ఇచ్చి రానక్కర్లేదు, జుమానాయే వచ్చి పట్టుకుపోతుంది. ఉమ్ నిస్మా అరగంటకోసారి ట్రేతో ప్రత్యక్షం. డాక్టరు చెప్పిన అరగంట. లేవాల్సింది నేను, లేచి తిరుగుతున్నది ఆమె. ఆమె పిక్కలు ఇనుములా ఉండి ఉంటాయి.

ఎడమ బూటు తాళ్ళు వదులు చేశాను.

డిసెంబరు 15, ఆదివారం

ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇంకో వారం చూసి తగ్గకపోతే పని మాన్పించేలా కాగితం రాసిస్తానన్నాడు. కొడుకు ఫోను నంబరు అడిగాడు. మరిచిపోయానన్నాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఏది మరిచిపోయినా నమ్ముతారు, అదొక సుఖం.

“ఈ పని ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?”

“ఇరవయ్యారేళ్ళు.”

“అదే కుర్చీ, అదే బల్ల. మరి ఇన్నేళ్ళూ రాని వాపు ఈ ఏడే ఎందుకొచ్చింది? ముందు ఏం చేసేవారు? వ్యాయామమా?”

“నా జన్మలో చేయలేదు” అన్నాను. అది నిజం.

ట్రాములో వస్తుండగా తెలిసింది. రాయాలని లేదు. రాస్తాను.

నా బల్ల తలుపు పక్కన, రతీబా బల్ల కిటికీ పక్కన, మధ్యలో హాలంతా. ఒకరు దిద్దింది ఇంకొకరు చూడాలి. నేను తీసేసిన కామా ఆమె పెట్టేది. ఆమె పెట్టిన కామాతో నేను హాలు దాటి వెళ్ళేదాన్ని. “ఇక్కడ ఊపిరి తీసుకోవాలి సఫీ” అనేది. “పిల్లలు నీలా ఆయాసపడుతూ చదవరు” అనేదాన్ని. వెనక్కి వచ్చి కూర్చునేలోగా ఆమె నిఘంటువు పట్టుకుని వచ్చేది. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఇంత దూరం నుంచి కేకలు వేసుకోవడం పరువు తక్కువ. అందుకని నడిచేవాళ్ళం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఇరవయ్యారేళ్ళు. ఆమె మాటే చివరిది కాకూడదని లేచేదాన్ని. కొన్నిసార్లు తగువేమీ లేకపోయినా వెళ్ళి, కిటికీ అవతల సముద్రం ఏం రంగులో ఉందో చూసి, రెండు మాటలు అని వచ్చేదాన్ని.

నేను వ్యాయామం చేయలేదు. పోట్లాడాను.

మార్చి నుంచి నేను దిద్దిందే చివరిది. ఎవరూ ఏ కామా తిరిగి పెట్టడం లేదు.

వాపు కాలికి కాబట్టి డాక్టరుకు కనబడింది.

డిసెంబరు 16, సోమవారం

బూటు పట్టలేదు. ఎడమ కాలికి ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పుతో ఆఫీసుకెళ్ళాను. పొడవు స్కర్టు కింద ఎవరూ చూడలేదు.

మొదటి ట్రే రాకముందే మెట్లు దిగాను. తగువు పెట్టుకుందామనే దిగాను. నీ టీ ఉడకబెట్టిన గడ్డి అని అందామని మాట సిద్ధం చేసుకున్నాను. అది అంటే ఒట్టు తెగుతుంది, ఆమె ట్రే మానేస్తుంది, నా మెట్లు నాకొస్తాయి. ఆమె మళ్ళీ ఏడుస్తుందని తెలుసు. అయినా దిగాను.

ఉమ్ నిస్మా నా మొహం చూడలేదు. దిగుతున్న పాదాలు చూసింది.

“ఆ చెప్పేంటి అబ్లా?”

“నీ టీ...”

“టీ సంగతి తర్వాత. స్కర్టు ఎత్తండి.”

ఎత్తాను. ఈ మాట నాతో అనడానికి ఎవరికీ అధికారం లేని వయసులో ఉన్నాను, అయినా విన్నాను. ఆమె వంగి చూసింది, ముట్టుకోలేదు.

“ఎప్పట్నుంచి?”

చెప్పాను. గడ్డ సంగతి, డాక్టరు, అరగంట, పళ్ళెం, అంతా చెప్పాను. గోడకు ఆనుకుని నిలబడి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె మొహం ఎర్రబడుతూ వచ్చింది. జాలిపడుతుందేమోనని భయపడ్డాను.

“అంటే” అంది, “నన్ను అందరి ముందూ సోఫాలో కూర్చోబెట్టి, నా తల ముద్దు పెట్టుకుని, నేను ఒట్టేస్తుంటే నోరు మూసుకుని స్వీటు తిన్నారన్నమాట.”

“రెండు ముక్కలు.”

“సిగ్గులేదు. చదువుకున్నవాళ్ళు ఇంతే.”

“నదీమ్‌కి చెప్తావా?”

“నేనెందుకు చెప్తా. మిమ్మల్ని ఇంటికి పంపితే ఈ మేడలో నా టీకి వంక పెట్టే తెలివి ఇంకెవరికుంది? వాళ్ళకు వేడినీళ్ళు పోసినా తాగుతారు.” నెమ్మదిగా అంది: “ఒట్టు ఏం చేయాలి?”

అది నిజమే. దేవుడి మీద వేసిన ఒట్టు. దాని పరిహారం నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు: పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, ఆ స్తోమత లేనివాళ్ళు మూడు రోజులు ఉపవాసం ఉండాలి.

“అన్నం నేను పెట్టిస్తాను” అన్నాను.

“ఒట్టు నాది. మీ అన్నంతో తెగదు” అంది. “రేపట్నుంచి ఉపవాసం. గురువారానికి అయిపోతుంది. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం నుంచి మీకు పైకి టీ రాదు. తాగాలనుంటే దిగండి, లేకపోతే దాహంతో చావండి. ఎవరన్నా అడిగితే సంధి చెడిందని చెప్తా.”

“ఎందుకు చెడిందంటే?”

“మీ నోరు చాలదూ?”

డిసెంబరు 18, బుధవారం

ఆమె మాడ్చుకున్న కడుపుతో అందరికీ టీ కాస్తోంది. ఇవాళ జుమానా టీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. నిన్నటిదాకా నాకు అరగంటకోసారి వచ్చిన ట్రే, ఇప్పుడు గంటకోసారి వస్తోంది, అదీ విసురుగా. ఒట్టు తీరేదాకా ఇవ్వక తప్పదుగా.

ఆ గ్లాసులు ముట్టుకోబుద్ధి కావడం లేదు. నా కాలి కోసం ఇంకొకరు ఆకలితో ఉన్నారు. నాకోసం ఎవరైనా ఏదైనా మానుకుని చాలా కాలమైంది.

డిసెంబరు 19, గురువారం

పొద్దుగూకే వేళ ఖర్జూరాలు తీసుకుని దిగబోయాను. మెట్ల మలుపు దగ్గరే ఆపింది. “ఆదివారం అన్నానా” అంది. కిందనుంచే చెయ్యి చాచి ఖర్జూరాలు మాత్రం తీసుకుంది.

డిసెంబరు 22, ఆదివారం

పొద్దున అందరికీ టీ వచ్చింది. నాకు రాలేదు.

మహ్రూస్ మొహం చూడలేకపోయాను. “మళ్ళీనా?” అన్నాడు. “బస్బూసా తిని రెండు వారాలు కాలేదు. ఈ వయసులో మీకు పట్టుదలేంటి మాడమ్?” జుమానా తన గ్లాసు నాకివ్వబోయింది. వద్దన్నాను. లేచాను. కుర్చీ వచ్చింది. దాన్ని పక్కకు జరిపి, “కింద ఆవిడతో తేల్చుకుని వస్తాను” అన్నాను. తగువుకు వెళ్ళేదాన్ని కూర్చోమనడం ఎవరికీ చేతకాలేదు. దారిచ్చారు. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదు.

కాలు ఇంకా అలాగే ఉంది. బూటు పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో, అసలు పడుతుందో లేదో తెలియదు. కాగితం రాసిచ్చే లోపు డాక్టరుకు ఏదో ఒకటి చూపించాలి. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగాను.

వంటగదిలో ఒకటే కుర్చీ. దాని మీద ఉమ్ నిస్మా కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి కదల్లేదు. గడ్డంతో పై అర చూపించింది.

“చక్కెర అక్కడ.”

“అంత ఎత్తున ఎందుకు పెట్టావు?”

“అందుకోండి. చేతులకు కూడా మంచిదట.”

మునివేళ్ళ మీద లేచి అందుకున్నాను. టీ పోసుకుని, పొయ్యి పక్కన నిలబడి ఒక గుక్క తాగాను.

“కషాయం. పుదీనా వాడిపోయింది.”

“గురువారానిది. నచ్చకపోతే పైకి పోండి. అరగంట ఆగి దిగితే ఇదే పుదీనా ఇంకా వాడి ఉంటుంది, అప్పుడు చెప్దురుగాని.”

“చెప్తాను.”

“చెప్పండి. ఎవరొద్దన్నారు.”

గ్లాసు అయిపోయేదాకా నిలబడే ఉన్నాను. ఆమె రాళ్ళు ఏరుతూనే ఉంది. లేవలేదు, కుర్చీ ఇవ్వలేదు, కూర్చోమని మాటవరసకైనా అనలేదు.

ఇరవయ్యారేళ్ళలో రతీబా కూడా నేను వచ్చానని ఒక్కసారీ లేవలేదు.